గుడి, చెరువు – ఒకే సంకల్పమునకు రెండు రూపములు



కుంభాభిషేకము నాటి దృశ్యమును ఒక్కసారి మనసున నిలుపుకొనండి. యాగశాలలో మంత్రపూర్వకముగా అర్చింపబడిన కలశములను ఋత్విక్కులు శిరసున ధరించి, మేళతాళములతో ప్రదక్షిణము చేసి, నిచ్చెనల మీదుగా విమాన శిఖరమునకు చేరుకుంటారు. క్రింద భక్తజనులు చేతులు జోడించి, తలలు పైకెత్తి నిలుచుంటారు. సుముహూర్తమున కలశము వంగుతుంది, శిఖరము తడుస్తుంది. ఆ తుంపర ఒక్కటి మన మీద పడితే చాలునని అందరము ముందుకు జరుగుతాము.

ఆ కుంభములో ఉన్నది నీరు. రాయి, ఇటుక, సున్నము, లోహము, రంగు అన్నీ చేరి గుడి సిద్ధమైన తరువాత కూడ, ఆ నీరు పడనిదే అది దేవాలయము కాదు. ఇంత గొప్ప క్రతువు నీటితోనే ఎందుకు పూర్తి కావలెను? ఈ ప్రశ్న మర్రిగూడ వారికి ఇతరులకంటె దగ్గరిది. ఏలయన, నీరు లేక కొంతకాలము, ఉన్న నీరే విషమై కొంతకాలము బాధలు పడిన నేల మనది. కనుక ఈ శుభవేళ గుడికీ నీటికీ గల అనుబంధమును చరిత్ర వెలుగులో మీ ముందుంచడము ఈ వ్యాసము ఉద్దేశము.

స్వామి జలమున నివసించు కాలము

ఆగమ సంప్రదాయమున జీర్ణోద్ధరణ అనగా శిథిలమైన దానిని పడగొట్టి క్రొత్తది కట్టడము మాత్రమే కాదు. గర్భాలయమున పని ఆరంభించుటకు ముందు 'కలాకర్షణము' అను క్రియ జరుగుతుంది. మూలబింబమునందలి దివ్యకళను మంత్రబలముతో జలపూర్ణమైన కుంభములోనికి ఆవాహన చేస్తారు. ఆ తరువాత తాత్కాలికముగా ఏర్పరచిన 'బాలాలయము'న పూజలు కొనసాగుతాయి. పని పూర్తి అయిన నాడు కుంభజలముతో ఆ కళను తిరిగి బింబమునకు, విమానమునకు చేర్చుతారు. దీనిని శైవులు కుంభాభిషేకమనీ, వైష్ణవులు సంప్రోక్షణమనీ వ్యవహరిస్తారు.

క్రొత్త బింబమైనచో ప్రతిష్ఠకు ముందు అధివాసములు జరుపుతారు. వీనిలో జలాధివాసము ముఖ్యమైనది. శిల్పి ఉలి దెబ్బలు తిన్న శిలను నీటిలో ఉంచుతారు. భక్తులు దీనిని శిలకు కలిగిన తాపము చల్లారుటకని భావిస్తారు. పగుళ్ళున్న శిల నీటిలో బయటపడునని శిల్పులు చెబుతారు. పిమ్మట ధాన్యాధివాసము, శయ్యాధివాసము మొదలైనవి జరిగి, నయనోన్మీలనము చేసి, పీఠమునకు బింబమునకు నడుమ అష్టబంధనము కూర్చి స్థిరపరుస్తారు. మీరు గమనించవలసినది ఇది: స్వామి ముందు నీటిలో నివసించి, ధాన్యములో నివసించి, ఆ తరువాతనే గర్భగుడిలో కొలువుదీరుతాడు. నీరు, పంట, గుడి – ఇదియే క్రమము.

ఈ క్రమమును మన కాలమున మన సమీపముననే చూచినాము. యాదగిరిగుట్ట శ్రీలక్ష్మీనరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణ సమయమున 2016 నుండి బాలాలయములోనే నిత్యపూజలు జరిగినవి. నల్లరాతితో ప్రధానాలయము పూర్తి అయిన పిమ్మట 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణము జరిగి, గుహలోని స్వయంభూమూర్తి దర్శనము భక్తులకు మరల లభించినది. ఏండ్ల తరబడి స్వామి చిన్న మందిరమున ఉన్నను ఆరాధనకు లోటు రాలేదు. కట్టడము ఆగవచ్చును గాని కైంకర్యము ఆగరాదనునదే బాలాలయ సంప్రదాయము నేర్పే పాఠము.

సప్తసంతానములలో తటాకము

మన పూర్వులు మనిషి పేరును లోకమున నిలుపు పుణ్యకార్యములను ఏడింటిని ఎంచి 'సప్తసంతానములు' అన్నారు. కన్న బిడ్డ, చెరువు, కావ్యము, నిధి, దేవాలయము, వనము, అగ్రహారము – ఇవి ఆ ఏడు. కడుపున పుట్టిన సంతానముతో సమానముగా చెరువును, గుడిని, తోటను లెక్కించిన సంస్కృతి మనది. వీనిలో ఏ ఒక్కటి చేసినను పుణ్యమే. అయితే శక్తి గలవారు గుడిని, చెరువును కలిపి తలపెట్టినట్లు శాసనములు సాక్ష్యమిస్తున్నవి.

కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనమొకటి ఉన్నది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అచట త్రవ్వించిన చెరువును గూర్చిన శాసనమది. ప్రతిదినము 1,000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేయగా రెండేండ్లకు ఆ చెరువు పూర్తి అయినదని అందులో చెక్కినారు. అంతకంటె విలువైన సంగతి, మంచి చెరువునకు ఉండవలసిన 12 అంగములను, ఉండరాని 6 దోషములను ఆ శాసనము వివరించినది. ధర్మాత్ముడైన ప్రభువు, జలశాస్త్రము తెలిసిన నిపుణుడు, గట్టి నేల, తియ్యని నీరు గల ఏరు – ఇవి అంగములలో కొన్ని. కట్ట నుండి నీరు ఊరడము, చవుడు నేల, నీరు తక్కువై పొలము ఎక్కువ కావడము – ఇవి దోషములలో కొన్ని. 'తియ్యని నీరు' అన్న మాటను గుర్తుంచుకొనండి. దానితో మనకు తరువాత పని ఉన్నది.

ములుగు జిల్లా పాలంపేటలో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రుద్రేశ్వరాలయమునే మనము రామప్ప గుడి అంటున్నాము. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. ఆ గుడికి తోడుగా కాకతీయుల కాలపు రామప్ప చెరువు నేటికీ పొలములకు నీరిస్తున్నది. దేవుని దర్శించి వచ్చిన యాత్రికుడు చెరువు కట్ట మీద నిలిచినపుడు, గుడి కట్టిన చేయి చెరువును మరువలేదని గ్రహిస్తాడు.

మన నల్లగొండ నేల మీద

ఇపుడు మన ఇంటి దగ్గరికి వద్దాము. నల్లగొండ పట్టణమునకు ఆనుకొని ఉన్న పానగల్లు 11, 12 శతాబ్దులలో కందూరు చోడుల రాజధాని. ముందు కల్యాణి చాళుక్యులకు, పిదప కాకతీయులకు సామంతులైన ఈ చోడులు ఏలిన నేలలో మన ప్రాంతము ఒక భాగము. పానగల్లులో రెండు శివాలయములు ప్రసిద్ధములు. పచ్చల సోమేశ్వరాలయము 70 స్తంభములతో, రామాయణ భారత శైవగాథల శిల్పములతో అలరారుతున్నది. ఛాయా సోమేశ్వరాలయమున మూడు గర్భాలయములు ఒకే మండపమునకు అభిముఖముగా ఉన్నవి. వానిలో ఒకదానియందు శివలింగము వెనుక గోడ మీద పగలంతయు స్తంభాకారమైన నీడ కదలక నిలుస్తుంది. సూర్యుడు కదలుచుండగా నీడ కదలకుండుట చూపరులకు ఆశ్చర్యము గొల్పుతుంది. వేర్వేరు దిక్కుల నుండి వచ్చు వెలుతురు మండప స్తంభముల నడుమ ప్రసరించి ఒకే చోట నీడను కల్పించునని తెలిసినవారు వివరించినారు. ఈ వివరణ వలన ఆ శిల్పుల మీద గౌరవము పెరుగునే గాని తరుగదు.

ఈ ఆలయముల చెంతనే ఉదయసముద్రము ఉన్నది. చోడవంశమునకు చెందిన ఉదయుని పేర వెలసిన చెరువు అది. చెరువునకు 'సముద్రము' అని పేరు పెట్టడములోనే ఆనాటి వారి హృదయము తెలుస్తున్నది. సముద్రము ఎరుగని మెట్టనేలలో, వానను నమ్ముకొన్న బ్రతుకులలో, కట్ట వెనుక నిలిచిన నీరే ఒక సముద్రము.

సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రికి వెళ్ళినచో రేచర్ల రెడ్డి ప్రభువుల ఆలయములు కనిపిస్తాయి. అందులో ఎరకేశ్వరాలయమును 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసాని నిర్మింపజేసినది. ఎనిమిది వందల ఏండ్లు దాటినను ఆ తల్లి పేరు ఆ గుడికి నిలిచి ఉన్నది. నేటి దాతల జాబితాలో మాతృమూర్తుల పేర్లు కనిపించినపుడు, అది క్రొత్త ఆచారము కాదనీ, మన జిల్లాకు పాత అలవాటేననీ మనము గర్వింపవచ్చును.

మన మర్రిగూడకు ఉత్తరమున రాచకొండ గుట్టలు, దక్షిణమున దేవరకొండ దుర్గము. 14, 15 శతాబ్దులలో ఈ రెండు కోటలను రేచర్ల పద్మనాయక ప్రభువులు ఏలినారు. ఆ వంశమునకు చెందిన సింగభూపాలుడు 'రసార్ణవసుధాకరము' అను అలంకారశాస్త్ర గ్రంథమును రచించిన పండితుడు. పెద్ద నది పారని ఈ ఎత్తునేలలో వాగు వాగునకు అడ్డముగా కట్టలు వేసి, ఒక చెరువు అలుగు పారితే క్రింది చెరువు నిండునట్లు గొలుసుగా కూర్చిన ఏర్పాటే తరతరాల జనులకు ఆధారమైనది. గుట్ట, గుట్ట మీద దేవుడు, గుట్ట క్రింద చెరువు – మన ప్రాంతపు ఊళ్ళ రూపురేఖలు ఇవే కదా.

కట్ట మీద తల్లి, నీట మునుగు పూలు

శాసనములకు ఎక్కని చరిత్ర మన పండుగలలో దాగియున్నది. చెరువు కట్ట మీద కొలువైన కట్టమైసమ్మను మీరు ఎరుగుదురు. ఆ తల్లికి గోపురము ఉండదు, పెద్ద మండపము ఉండదు. పసుపు కుంకుమలు అలదిన రాయి, పైన ఒక చెట్టు నీడ. కాని వానలు ముమ్మరమైన రాత్రి ఊరంతయు ఎవరిని తలచుకొని నిద్రించేదో పెద్దలను అడగండి. కట్ట తెగకుండ కాచే తల్లి ఆమెయే. ఆమెకు బోనము చెల్లించుటకు వెళ్ళిన ప్రతివారి కన్నులు కట్ట మీద, తూము మీద, అలుగు మీద పడేవి. ఎక్కడ బుంగ పడినదో, ఎక్కడ మన్ను జారినదో అందరికీ తెలిసేది. పూజ పేరున కట్టను ఏటేటా పరీక్షించే ఏర్పాటు అది.

బతుకమ్మను తలచుకొనండి. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూలతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది దినముల పండుగ. తెలంగాణ ఏర్పడిన 2014లోనే ఇది రాష్ట్ర పండుగయైనది. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలను అంతరములుగా పేర్చి, పసుపు గౌరమ్మను నిలిపి, ఆడి పాడి, చివరకు చెరువునకే అప్పగిస్తారు. వానకాలము ముగిసి చెరువు నిండియున్న సమయమున వచ్చే పండుగ ఇది. చెరువు ఎండిన ఏడు బతుకమ్మను సాగనంపుటకు తావు లేక తల్లులు పడిన దిగులును మన తరము చూచినది. పండుగ ఉన్నది, పూలున్నవి, పాటలున్నవి, నీరు లేదు.

ఊరి నడుమ బొడ్రాయి పండుగకు కూడ ఇదే స్వభావము. బొడ్రాయిని తిరిగి ప్రతిష్ఠించు నాడు పెండ్లియై వెళ్ళిన ఆడబిడ్డలందరినీ పిలుస్తారు. బిందెలతో నీళ్ళు తెచ్చి బొడ్రాయికి అభిషేకిస్తారు. ఆలయములలో బ్రహ్మోత్సవముల చివర చక్రస్నానము కోనేటిలో జరుగుతుంది. తెప్పోత్సవము నీటి మీదనే సాగుతుంది. కృష్ణా మూసీ సంగమమైన వాడపల్లిలో అగస్త్యేశ్వరుని శిరసున ఎల్లపుడు నీరు నిలిచియుండునని భక్తుల విశ్వాసము. ఆగమోక్తమైన గుడియైనను, కట్ట మీది తల్లియైనను, ఊరి బొడ్డురాయియైనను, ఆరాధన చివరకు నీటి దగ్గరికే చేరుతున్నది.

నీరే విషమైన కాలము

ఇక చెప్పక తప్పని మాట ఒకటి ఉన్నది. మంగళకర సంచికలో ఇది ఎందుకని మీరు అనుకొనవద్దు. దీనిని విడిచినచో మన ఊరి చరిత్ర సగమే చెప్పినట్లగును.

నల్లగొండ జిల్లాలో చాల భాగము గ్రానైటు రాతి నేల. ఈ రాళ్ళలోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు ఉన్నది. నీరు భూమి లోతున రాళ్ళ నడుమ ఎంతకాలము నిలిచినచో అంతగా ఫ్లోరైడును తనలో కలుపుకొనును. చెరువులు నిండినంత కాలము వాననీరు భూమిలోనికి ఇంకి, చేదబావులలో పైపైననే ఊరేది. చెరువులు పూడి, కట్టలు తెగి, వానలు తగ్గినకొద్దీ జనులు బోర్లను ఆశ్రయించినారు. నూరు అడుగులు పోయి నూర్లాది అడుగులైనవి. ఎంత లోతునకు పోయిన అంత విషము పైకి వచ్చినది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. ఆ హద్దును దాటిన నీటిని మన జిల్లాలోని ఎన్నో పల్లెలు దశాబ్దముల తరబడి త్రాగినవి. ఆ పల్లెల పేర్లు చెప్పినపుడు మర్రిగూడ పేరు ముందు వరుసలో వినిపించేది.

పండ్ల మీద పసుపు గారలు, వంగని మెడలు, నిటారుగా నిలువలేని నడుములు, వంకరపోయిన కాళ్ళు – ఇవి మీకు వర్ణించి చెప్పవలసిన పని లేదు. మీ ఇంటిలోనో, మీ పొరుగింటిలోనో చూచియుంటారు. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970వ దశకమున రూపొందించినది. దానికి 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు. మన జిల్లా పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములలోనికి ఎక్కిన తీరు అది. అందుకు సంతోషించవలెనో దుఃఖించవలెనో తెలియదు.

భక్తులారా, ఒక్క క్షణము ఆలోచించండి. ఆ ఏండ్లన్నిటిలో మన అర్చకులు స్వామికి అభిషేకము చేసినది ఆ నీటితోనే. తీర్థముగా మన అరచేతిలో పోసినది ఆ నీటినే. తీర్థము పుచ్చుకొని కండ్లకద్దుకొన్న పసిబిడ్డ అదే నీటిని ఇంటిలో త్రాగి నడక కోల్పోయినాడు. దేవుని తప్పు ఇందులో లేదు. గుడిని నిలుపుకొని చెరువును విడిచిన మన మరపునకు ఇందులో భాగమున్నది. పోరుమామిళ్ళ శాసనము 'తియ్యని నీరు'ను చెరువు అంగములలో ఒకటిగా ఎంచినదని పైన చెప్పుకొన్నాము. ఆ మాట వెనుక ఎంతటి అనుభవమున్నదో మర్రిగూడ నేల మీద నిలిచి చదివినవారికే పూర్తిగా బోధపడును.

స్వామి దయ వలన, జనుల పోరాటము వలన కాలము మారినది. కృష్ణా జలములు గొట్టముల ద్వారా జిల్లాకు చేరినవి. 2015 జూన్ 8న చౌటుప్పలులో పైలాను ఆవిష్కరణ జరిగిన మిషన్ భగీరథ పథకము ఇంటింటికి నల్లా నీటిని తెచ్చినది. ఆకాశగంగను నేలకు దించిన భగీరథుని పేరు ఆ పథకమునకు పెట్టడము మన పురాణము మన అవసరమునకు అక్కరకు వచ్చిన సందర్భము. అదే ఏడు మన మండలములోని శివన్నగూడెము వద్ద డిండి ఎత్తిపోతల పథకములో భాగమైన జలాశయమునకు శంకుస్థాపన జరిగినది. అదే ఏట కాకతీయుల పేర మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకము రాష్ట్రములోని 46,000కు పైగా చెరువులను లక్ష్యముగా పెట్టుకొన్నది. ఎముకలలో చేరిన విషము వలన వచ్చిన వంకరలు తిరిగి సరికావు. కాని రేపటి బిడ్డకు ఆ బాధ తప్పించు మార్గము దొరికినది.

ఇందులో ఒక విశేషమును గమనించండి. కృష్ణా నీరు నిలువ చేసి నల్లగొండ పట్టణమునకు, చుట్టుప్రక్కల ఊళ్ళకు త్రాగునీరు అందించు జలాశయములలో పానగల్లు ఉదయసముద్రము ఒకటి. చోడరాజులు గుడితో పాటు తలపెట్టిన ఆ చెరువు, తొమ్మిది వందల ఏండ్లు గడిచిన పిమ్మట, ఫ్లోరైడుతో బాధపడిన జిల్లాకు మంచినీరు నిలుపు పాత్రయైనది. ఆనాటి దాతకు ఈనాటి బిడ్డ తెలియదు. ఈనాటి బిడ్డకు ఆనాటి దాత తెలియదు. దానము అనగా ఇదియే.

నీరు వచ్చి గుడిని అడిగినపుడు

నీరు లేక పడిన బాధ అటుండగా, నీరు వచ్చి గుడులను ముంచిన చరిత్ర మన పొరుగున పాలమూరు ప్రాంతమున ఉన్నది. శ్రీశైలము వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టినపుడు ఎన్నో ఊళ్ళు, ఆ ఊళ్ళ ఆలయములు ముంపు క్రిందికి వచ్చినవి. కృష్ణా తుంగభద్రల సంగమమున కూడవెల్లిలో బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయము ఉండేది. దానిని రాయి రాయిగా విప్పి, గుర్తులు వేసి, తరలించి, ఆలంపురములో తిరిగి నిలిపినారు. జటప్రోలు ఆలయములను కూడ ఇట్లే మిట్టకు చేర్చినారు. విప్పిన రాళ్ళలో ఏ రాయి ఎక్కడిదో తప్పక గుర్తించి మరల పేర్చడము ఎంత ఓపికతో కూడిన పనియో ఊహించండి. జీర్ణోద్ధరణ అను మాటకు అంతకంటె మంచి వ్యాఖ్యానము దొరకదు.

ఆ ఆలంపురములోనే మరొక గాథ. అష్టాదశ శక్తిపీఠములలో ఐదవదియైన జోగులాంబ ఆలయము 1390లో బహమనీ సైన్యముల దాడిలో ధ్వంసమైనదని స్థలచరిత్ర చెబుతున్నది. అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరాలయములో ఒక మూల కొలువుంచి ఆరు శతాబ్దులు పూజించినారు. 2005 ఫిబ్రవరి 13న పునర్నిర్మితమైన ఆలయమున అమ్మవారిని ప్రతిష్ఠించినారు. ఆ తల్లి ఉగ్రస్వరూపిణి కనుక గుడి చుట్టును నీరు నిలిపినారు. ఆ నీరు అమ్మవారి తీక్ష్ణతను చల్లబరచునని భక్తులు విశ్వసిస్తారు. ఆరు వందల ఏండ్లు గుడి లేదు, పూజ ఉన్నది. చివరకు గుడి వచ్చినది, దాని చుట్టును నీరు వచ్చినది.

పాతరాయి పలికిన మాట

నకిరేకల్ మండలము చందుపట్లలో ఒక శాసనస్తంభమున్నది. పువ్వుల ముమ్మడి అను సామాన్య సేవకుడు సోమనాథదేవునికి భూమి దానమిచ్చి 1289 నవంబరులో వేయించిన శాసనమది. శివసాయుజ్యమొందిన కాకతి రుద్రమదేవికి, మల్లికార్జున నాయకునికి పుణ్యముగా ఆ దానము చేసినాడు. అంతటి మహారాణి ఎపుడు మరణించినదో చరిత్రకారులకు నిశ్చయముగా తెలిపినది ఆ పల్లెలోని ఆ రాయియే. ఒక సేవకుడు గుడికి ఇచ్చిన చిన్న దానము మన దేశ చరిత్రకు ఆధారమైనది. ఎవరైనను పునరుద్ధరణ పేరున ఆ రాయికి సున్నము పూసియున్నచో, ముక్కలు చేసి పునాదిలో వేసియున్నచో, ఏమి కోల్పోయేవారమో ఆలోచించండి.

మహబూబునగరులోని పిల్లలమర్రి వటవృక్షము గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. వందల ఏండ్ల నాటి ఆ మహావృక్షపు కొమ్మ 2017 డిసెంబరులో విరిగిపడినది. చెదలు తినివేసిన ఆ చెట్టును పోయినదని వదలలేదు. 2018లో, రోగికి సెలైను ఎక్కించునట్లు, వందలాది సీసాలతో కొమ్మలకు మందు నెక్కించినారు. కొమ్మలకు ఆధారముగా స్తంభములు నిలిపినారు. చెట్టు బ్రతికినది, చిగిర్చినది. ఊరి పేరులోనే మర్రిని ధరించిన మనకు ఇది దైవము చెప్పించిన మాటగా తోచును. మర్రి ఊడలు నేలకు దిగి వేళ్ళై పాత మానునే మోస్తాయి. పునరుద్ధరణ కూడ అట్లే జరుగవలెను; క్రొత్తది వచ్చి పాతదానిని మోయవలెను.

దాతలకు ఒక విన్నపము

ఆలయ గోపురమునకు, ధ్వజస్తంభమునకు, మండపమునకు, ఉత్సవమూర్తులకు మీరు ఇచ్చిన ప్రతి రూపాయి ధన్యమైనది. కూలి చేసుకొని బ్రతుకుతూ ఒక బస్తా సిమెంటుకు వెల ఇచ్చిన భక్తుని దానము స్వామి దృష్టిలో ఎవరి దానమునకు తీసిపోదు. ఇక మీదట కూడ కొన్ని పనులు మిగిలియున్నవి. అవి శిలాఫలకము మీద పేరు తెచ్చునవి కావు కాని, మన పూర్వుల దారిలోనివి.

ప్రాంగణమున, పొలములలో, కట్టల మీద పడియున్న పాత శిల్పములను, అక్షరములున్న రాళ్ళను ఒకచోట చేర్చి నీడన నిలుపుదము. వానికి రంగులు పూయవద్దు. ఇసుకను ఒత్తిడితో చిమ్మి శుభ్రము చేయవద్దు, అక్షరములు చెరిగిపోవును. చదువగలవారికి చూపుదము. ఊరి చెరువు పూడికను, తూమును, అలుగును గుడి పనులతో సమానముగా ఎంచుదము. ఆలయము కప్పు మీద పడు వాననీటిని ఇంకుడుగుంతకు మళ్ళించుదము. బతుకమ్మతో పాటు ప్లాస్టికు సంచులను చెరువునకు సమర్పించు అలవాటును మానుదము. ఆవరణలో మర్రినో, రావినో, వేపనో నాటి ఒక బిడ్డకు అప్పగించుదము. ఇన్నింటికంటె ముందు, ఫ్లోరైడు వలన నడువలేని మన వృద్ధులకు, యువకులకు గర్భగుడి వరకు వాలుదారి ఏర్పరచుదము. మెట్లెక్కలేని భక్తుడు బయట నుండియే చేతులు జోడించి వెళ్ళిపోవు గుడి, ఎంత ఎత్తైనను మన ఊరి గుడి కానేరదు.

ఈ సంచిక కూడ ఒక శాసనము వంటిదే. ఎవరు ఏమి ఇచ్చినారో, ఎవరు ఏ రాయి చెక్కినారో, ఏ మార్పులు చేసినామో నిజాయితీగా వ్రాసి ఉంచినచో నూరేండ్ల తరువాత మరల జీర్ణోద్ధరణకు పూనుకొను వారికి అది దారి చూపును.

భక్తమహాశయులారా! కుంభాభిషేకము నాడు శిఖరము నుండి జారిన తుంపర మీ నుదుట పడినపుడు, ఆ నీరు ఎక్కడి నుండి వచ్చినదో ఒక్కసారి తలచుకొనండి. అది కృష్ణమ్మ నీరు కావచ్చును, మన చెరువు నీరు కావచ్చును. ఆ నీరు మన బిడ్డలు నిర్భయముగా త్రాగగల నీరైన నాడే మన ప్రతిష్ఠ సంపూర్ణమైనట్లు. ఆ స్వామి కరుణాకటాక్షములు మీ కుటుంబముల మీద, మన చెరువుల మీద, మన పొలముల మీద, మాట లేని పశుపక్ష్యాదుల మీద సర్వదా ప్రసరించుగాక యని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

శుభం భూయాత్.